వెలుగు మారాక కుంచె ఆపేయాలా, ఫొటో చూసి ఇంట్లో పూర్తి చేయాలా?

కొత్తకుంచె:
బయట కూర్చుని ల్యాండ్‌స్కేప్ వేయడం నేర్చుకునేవాళ్లకు రెండు రకాల సలహాలు వినిపిస్తున్నాయి. అక్కడ ఎంత వేస్తే అంతే, వెలుగు మారగానే ఆపేయాలి, ఇంటికొచ్చాక బోర్డు ముట్టుకోకూడదు అని కొందరు. అక్కడ సగం వేసి, ఫొటో తీసుకుని, మిగతాది తీరిగ్గా ఇంట్లో వేయాలి, లేకపోతే బొమ్మ పూర్తిచేయడం ఎప్పటికీ రాదని ఇంకొందరు. ఆయిల్ రంగులు, 8×10 అంగుళాల బోర్డు, పొద్దున పూట రెండు గంటల సమయం ఉన్నవాళ్లకు ఏది మేలు? కారణాలతో చెప్పండి. ఎవరి ఇష్టం వాళ్లదే అనే జవాబు మాత్రం వద్దు.

పొద్దుతిరుగుడు:
ఆపేయాలి. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. అది నీడల్లో ఎలా కనబడుతుందో చూడండి. సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉంటే పది అడుగుల చెట్టు నీడ 37 అడుగులు పడుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అదే నీడ 17 అడుగులు. 45కి సరిగ్గా పది. మొదటి 20 అడుగులు తగ్గడానికి భూమధ్యరేఖ దగ్గర గంట చాలు, అక్కడినుంచి దూరం వెళ్లేకొద్దీ కాస్త ఎక్కువ పడుతుంది. అంటే మీ రెండు గంటల్లో నీడ సగానికి సగం పోతుంది. ఎడమవైపు చెట్టు మొదటి అరగంటలో, కుడివైపు చెట్టు చివరి అరగంటలో వేస్తే ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యులు ఉంటారు. చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో చెప్పలేరు.

ఇది కొత్తగా కనిపెట్టిన నియమం కూడా కాదు. బయట వేసే స్టడీ (సాధన కోసం వేసే చిన్న బొమ్మ) రెండు గంటలు దాటకూడదని, సూర్యోదయమో సూర్యాస్తమయమో అయితే అరగంటే అని ఫ్రెంచ్ చిత్రకారుడు వాలెన్సియెన్ 1800లోనే చెప్పాడు.

ఇక ఫొటో. ఎండకు సరిపడా తీస్తే నీడలన్నీ నల్లగా పూడుకుపోతాయి. ఫోన్ తనంతట తాను సర్దితే నీడలు లేతబడి ఎండతో కలిసిపోతాయి. నేల మీది నీడలో ఆకాశపు నీలం ఎంత, పక్కనున్న ఎండనేల నుంచి ఎగిరొచ్చిన వెచ్చదనం ఎంత అని చూడటానికే కదా మనం బయట కూర్చునేది. ఆ ఒక్క సంగతీ ఫొటోలో ఉండదు. పైగా ఫోన్ లెన్స్ వెడల్పుగా పడుతుంది కాబట్టి దూరపు కొండ కంటికి కనబడినదానికన్నా చిన్నదైపోయి, కాళ్ల దగ్గరి గట్టు సగం బోర్డు ఆక్రమిస్తుంది.

తైలవర్ణం:
పొద్దుతిరుగుడు గారూ, లెక్క కాదనను. కానీ ఎప్పుడూ మధ్యలో ఆపేసే అలవాటు వల్ల ఏం నష్టమో మీరు చెప్పలేదు. బొమ్మ చివరి ఇరవై నిమిషాల్లో జరిగే పని వేరు. ఏ అంచు గట్టిగా నిలవాలి, ఏది కరిగిపోవాలి అన్నది అప్పుడే తేలుతుంది. చెట్టు తల ఆకాశాన్ని తాకే చోట అంచు మొత్తం కత్తిరించినట్టు వదిలేస్తారు కొత్తవాళ్లు. అక్కడ కొమ్మల మధ్య ఆకాశం కనబడే సందులు పెట్టాలి, ఆ సందుల్లో రంగు బయటి ఆకాశం కన్నా ఒక మెట్టు ముదురుగా ఉండాలి. అదే రంగు పెడితే చెట్టుకు చిల్లులు పడ్డట్టుంటుంది. అన్నిటికన్నా ముదురు మచ్చ ఎక్కడ, దళసరిగా పెట్టే వెలుగు ఎక్కడ అన్నవీ చివరి పనులే. ప్రతి బోర్డూ రంగులు పరిచిన దశలోనే ఆగిపోతే ఈ సాధన ఎప్పుడు చేస్తారు?

ఫొటో దోషాలకు మందు ఉంది. రెట్టింపు జూమ్ చేసి తీయండి, కొండ మళ్లీ తన సైజుకొస్తుంది. ఒకటి ఆకాశానికి, ఒకటి నీడకు సరిపడేలా రెండు తీయండి. ఇంట్లో ఆ ఫొటోను గీతల కోసమే చూడాలి, అంటే కొమ్మ ఎటు వంగింది, కంచె ఎక్కడ మలుపు తిరిగింది, అంతవరకే. రంగు కోసం చూడకూడదు. ఇంటి పని అరగంట దాటకూడదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గడ్డివాముల వరుస 1890–91లో వేసినప్పుడు వెలుగు మారేకొద్దీ కాన్వాసు మార్చుకుంటూ పోయాడు, ఆ తర్వాత వాటిని స్టూడియోలో కూడా సరిదిద్దాడు. బయట వేసింది ముట్టుకోకూడదన్న మడి ఆయనకు లేదు.

పొద్దుతిరుగుడు:
మోనే కాన్వాసు మార్చాడంటే అర్థం ఆ వెలుగు పోగానే ఆపేశాడనేగా! అదే వేళకు మళ్లీ వచ్చి అదే కాన్వాసు తీశాడు. పూర్తి చేయాలనుకుంటే దారి అది: మర్నాడు అదే గంటకు, ఆకాశం అలాగే ఉంటే, ఇంకో 45 నిమిషాలు. మొదటి రోజు సాల్వెంట్‌తో (టర్పెంటైన్ లాంటి పలచన చేసే ద్రవంతో) పలచగా పరిచిన పొర మర్నాటికి కుంచెకు అంటకుండా గట్టిపడుతుంది, ముఖ్యంగా బర్న్ట్ సియెన్నా, అంబర్ లాంటి మట్టి రంగులు ఉన్నచోట. క్యాడ్మియం రంగులు, అలిజరిన్ ఎరుపు, దళసరి టైటానియం వైట్ మాత్రం రోజుల తరబడి పచ్చిగానే ఉంటాయి. కాబట్టి మళ్లీ వచ్చే ఆలోచన ఉంటే మొదటి రోజు తెలుపు దట్టించొద్దు.

గీతల_లెక్క:
మీ ఇద్దరూ రెండో గంట గురించి కొట్టుకుంటున్నారు. గొడవంతా మొదటి పావుగంటలో ఉంది. అక్కడ సరిగ్గా చేస్తే 8×10 బోర్డు గంటంబావులో పూర్తవుతుంది.

ముందు రంగులు తీయొద్దు. అట్టముక్కలో 2×2½ అంగుళాల కంత కోసుకోండి, బోర్డుకూ దానికీ నిష్పత్తి ఒకటే. దాంట్లోంచి చూసి అంతే సైజులో పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీయండి. మూడే టోన్లు (లేత, ముదురు మెట్లు): తెల్ల కాగితం, మధ్య బూడిద, ముదురు. కళ్లు సగం మూసి చూస్తే దృశ్యం ఈ మూడింట్లోకి దానంతటదే విడిపోతుంది. విడిపోకపోతే ఆ దృశ్యం ఈ రోజుకు పనికిరాదు, పక్కకు తిరగండి. బొమ్మ పక్కన గంట ఎంతో రాసి, ఎండ వచ్చే దిక్కుకు బాణం గుర్తు పెట్టండి. దీనికి ఐదు నిమిషాలు.

తర్వాత అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపి, సాల్వెంట్‌తో టీ నీళ్లంత పలచన చేసి, బోర్డు మీద నీడల హద్దులు ముందు గీయండి. చెట్టు గీసి నీడ పెట్టడం కాదు. అన్ని నీడల హద్దులూ ఒకేసారి, అన్నిటినీ ఒకే టోన్‌తో నింపేయాలి. ఇది పది నిమిషాల పని. ఇక్కడితో నీడల ఆకారం ఖాయం. తర్వాత నీడ ఎటు జరిగినా దాని వెంట పోకూడదు.

ఆకారం ఆగినా రంగు ఆగదు, అది రెండో చిక్కు. పొద్దెక్కేకొద్దీ ఎండలో పసుపు తగ్గి తెలుపు పెరుగుతుంది. అందుకే తర్వాతి పావుగంటలో ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీద ఐదు కుప్పలు కలిపి పెట్టుకోండి: ఆకాశం, ఎండలో నేల, నీడలో నేల, ఎండలో చెట్టు, నీడలో చెట్టు. ఒక్కోటి నిమ్మకాయ గింజంత కాదు, బొటనవేలంత. కుప్ప చాలక మధ్యలో మళ్లీ కలిపితే అది తొమ్మిదిన్నర నాటి రంగవుతుంది, ఎనిమిది నాటిది కాదు. ప్రతి కుప్ప నుంచీ ఒక్కో మచ్చ బోర్డు మీద దాని స్థానంలో పెట్టి, పక్కపక్కన చూసి, అప్పుడే సరిచేయండి. మామూలుగా ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత చదును నేల, తర్వాత వాలు, నిటారుగా నిలబడ్డ చెట్లు అన్నిటికన్నా ముదురు. ఇసుక, మంచు, నీళ్లు ఈ వరుసను తప్పించొచ్చు. కొత్తవాళ్ల బోర్డు చెడిందంటే ఎక్కువగా కారణం ఒకటే: గడ్డి పచ్చగా ఉంది కదా అని చెట్టంత ముదురుగా వేసేస్తారు. దాంతో నేల లేచి నిలబడుతుంది.

ఇవన్నీ అయ్యాక గంటన్నర మిగులుతుంది. ఆ గంటన్నరలో ఫొటోతో పనేముంది?

గెస్సో_డబ్బా:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. ఇంట్లో పూర్తి చేస్తున్నాం అనుకునేవాళ్లు చాలామంది నిజానికి చేసేది నలుపెక్కిన బోర్డును లేత చేయడమే. బోర్డు మీద నేరుగా ఎండ పడుతుంటే వేసే ప్రతి రంగూ ఉన్నదానికన్నా లేతగా కనబడుతుంది, చేయి తెలియకుండానే ముదురు కలుపుతుంది. ఇంటికి తెచ్చి గోడకు ఆనిస్తే బొమ్మ మునిమాపు అయిపోతుంది. బోర్డు నీడలో ఉండి ప్యాలెట్ ఎండలో ఉంటే ఇంకా ఘోరం, కలిపిన రంగు ఒకటి, పడిన రంగు ఇంకొకటి. రెండూ ఒకే వెలుగులో ఉండాలి, వీలైతే రెండూ నీడలో. గొడుగు వాడితే తెలుపో, బూడిదో, నలుపో. ఎర్ర గొడుగు కింద వేస్తే దాని ఎరుపు బోర్డంతా పరుచుకుంటుంది, దాన్ని కొట్టడానికి మీరు అక్కర్లేని ఆకుపచ్చ కలుపుతారు. రంగు కళ్లద్దాలు తీసేయండి. తెల్లటి గెస్సో (రంగులకు ముందు పూసే అడుగు పూత) బోర్డు కూడా కళ్లు చెదరగొడుతుంది. ముందురోజే పలచని బర్న్ట్ సియెన్నా పూసి ఆరనిస్తే సరి.

కాబట్టి ఆపాలా, పూర్తి చేయాలా అని తేల్చుకునే ముందు బోర్డును ఇంట్లో కిటికీకి ఎదురుగా కాక పక్కగా పెట్టి చూడండి. అంతా ఒకే పాళ్లలో ముదురైతే అది ఎండ చేసిన పని. ఫొటో చూసి అక్కడక్కడా లేత చేస్తే ఉన్న లేత, ముదురు వరుస కూడా చెదిరిపోతుంది. అలాంటి బోర్డును వదిలేసి గొడుగు సంగతి చూసుకోవడం నయం.

కొత్తకుంచె:
మబ్బు పట్టిన రోజైతే? గువాష్ (నీళ్లతో కలిపే, అడుగు కనబడనివ్వని రంగు) వాడితే ఈ తంటా తగ్గుతుందా?

తైలవర్ణం:
మబ్బు పూర్తిగా కమ్మితే వెలుగు రెండు మూడు గంటలు పెద్దగా మారదు, మొదలుపెట్టడానికి అదే మంచి రోజు. నీడలకు హద్దులుండవు కాబట్టి ఆకారాల బదులు టోన్ల మీద దృష్టి పెట్టొచ్చు. ముక్కలు ముక్కలుగా కదిలే మబ్బుల రోజు అన్నిటికన్నా చెడ్డది. ఎండా నీడా నిమిషానికోసారి మారతాయి, ఏదో ఒకటి మొదట్లోనే ఎంచుకోకపోతే బొమ్మ కలగాపులగమే.

గువాష్ తొందరగా ఆరుతుంది, మోయడం తేలిక. కానీ ముదురు రంగులు ఆరాక లేతబడతాయి, లేత రంగులు కాస్త ముదురుతాయి. టోన్ నేర్చుకునే దశలో అది కంటిని తికమక పెడుతుంది. వాడితే ప్రతి కుప్పనీ ముందు కాగితం అంచున పూసి, ఆరనిచ్చి చూడండి.

గీతల_లెక్క గారి పద్ధతికి ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. మొదట్లో ఆ ఐదు కుప్పలు కలపడానికే కొత్తవాళ్లకు ముప్పావుగంట పడుతుంది. వాళ్లకు గంటన్నర మిగలదు. అంచుల సాధన ఇంట్లో చేయక తప్పదు.

గీతల_లెక్క:
తప్పుతుంది. బోర్డు 5×7కి తగ్గించమనండి. లేదా అంచుల సాధనను ఇంటి కిటికీలోంచి కనబడే చెట్టు మీద చేయమనండి, అదీ నేరుగా చూసి వేయడమే.

పొద్దుతిరుగుడు:
ఇంట్లో ముట్టుకోవాల్సిందే అనుకునేవాళ్లు కనీసం ఆకాశం జోలికి పోవద్దు. నేల రంగూ నీడ రంగూ దానితోనే ముడిపడి ఉంటాయి, అది మారితే కింద అన్నీ మార్చాలి. ఇంకోటి, ఇంగ్లిష్ చిత్రకారుడు కానిస్టేబుల్ 1821–22లో మబ్బుల స్టడీలు వేసినప్పుడు చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు. మీరూ బోర్డు వెనక మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, ఎండ దిక్కు, ఏ కుప్పలో ఏ రంగులు కలిపారో రాయండి. తైలవర్ణం గారి అరగంటకు ఫొటో కన్నా ఆ నాలుగు ముక్కలే ఎక్కువ పనికొస్తాయి.

తైలవర్ణం:
ఆకాశం విషయంలో పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మిగతాది ఒప్పుకోను :)

గెస్సో_డబ్బా:
ఎక్కడ పూర్తి చేసినా సరే, నూనె రంగులు తుడిచిన గుడ్డలు ఉండచుట్టి సంచిలో వదిలేయకండి. ఆరేటప్పుడు రంగుల్లోని లిన్సీడ్ (అవిసె) నూనె వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. విడదీసి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.