‘సెరా’ని ముందు రేపటి మాటగా నేర్పాలా, ఊహగా నేర్పాలా?

సాయంత్రం_బ్యాచ్:
స్పానిష్ నేర్చుకునేవాళ్ళకీ, నేర్పేవాళ్ళకీ ఒక ప్రశ్న. ‘సేర్’ (అవడం, ఉండడం) అనే క్రియకి భవిష్యత్ రూపం ‘సెరా’. మా క్లాసులో “అవుతుంది, రేపటి సంగతి చెప్పడానికి వాడతారు” అని చెప్పి ముందుకెళ్ళిపోయారు. నాకు ఆఫీసులో మెక్సికో టీమ్‌తో రోజూ కాల్స్ ఉంటాయి. మొన్న అక్కడ ఎవరో తలుపు కొడితే ఒకాయన “కియెన్ సెరా?” అన్నాడు. అందులో రేపటి ఊసే లేదు, “ఎవరై ఉంటారు?” అని అడిగాడంతే. రేపు జరిగేదానికి వాళ్ళు ‘ఇర్’ (వెళ్ళడం) క్రియని తోడు పెట్టి ‘వా ఆ సేర్’ అంటారు. ఆ అర్థంలో ‘సెరా’ కాల్స్‌లో అరుదుగానే వినపడుతుంది. అలాంటప్పుడు ఊహ అర్థమే ముందు నేర్పితే తప్పేంటి? తెలుగువాళ్ళకి అదే తేలిక అని నా వాదన.

మాడ్రిడ్_తెలుగు:
నేను ఒప్పుకోనండి. మెక్సికోలో వినపడేది మాత్రమే స్పానిష్ కాదు. లాటిన్ అమెరికాలో మాట్లాడేటప్పుడు మీరన్న ‘వా ఆ’ పద్ధతి, అంటే ‘ఇర్ ఆ’ వాడకమే ఎక్కువ, నిజమే. కానీ ఇక్కడ స్పెయిన్‌లో ‘సెరా’ లాంటి పాత రూపం జనం నోట్లో ఇంకా బాగానే ఉంది. రాతలో అయితే అటూ ఇటూ రెండు ఖండాల్లోనూ ఉంది. ఏ పేపర్ తెరిచినా “లా రెఉనియోన్ సెరా ఎల్ మార్తెస్”, అంటే మీటింగ్ మంగళవారం జరుగుతుంది, లాంటి వాక్యాలే. (కార్యక్రమం జరగడానికి ‘సేర్’ వాడాలి, ‘ఉండు’కి ఉన్న ఇంకో క్రియ ‘ఎస్తార్’ తీసుకుని ‘ఎస్తరా’ పెడితే తప్పు.) చట్టాల సంగతి చూడండి. స్పెయిన్ 1995 శిక్షాస్మృతి 138వ అధికరణంలో, హత్య చేసినవాడికి 10 నుంచి 15 ఏళ్ళ జైలు అని చెప్పే వాక్యంలో క్రియ “సెరా కస్తిగాదో” (శిక్షింపబడతాడు). ఊహ అర్థం ముందు ఎక్కిన విద్యార్థి దాన్ని “శిక్ష పడే ఉంటుంది” అని చదువుతాడు. చట్టం ఊహించదు కదా, శాసిస్తుంది. పది ఆజ్ఞల్లో “నో మతరాస్”, అంటే నరహత్య చేయకూడదు, అదీ ఈ రూపమే.

పాఠాలు_చెప్పే_అక్క:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఊహ అర్థాన్ని “అదనపు వాడకం” అని పుస్తకం చివర్లో పడేయడం నాకు అస్సలు నచ్చదు. అది నిన్నమొన్న పుట్టిన యాస కాదు. వ్యాకరణకర్త ఆంద్రెస్ బెయో 1847లో అచ్చువేసిన వ్యాకరణంలోనే దాన్ని వివరించాడు. ఆ మాటకొస్తే ఈ రూపం పుట్టుకలోనే శుద్ధ భవిష్యత్తు లేదు. ‘అమరే’ (ప్రేమిస్తాను) అంటే ‘అమార్’ (ప్రేమించడం) పక్కన ‘అబేర్’ అనే సహాయక క్రియ రూపం ‘ఎ’ చేరి అతుక్కున్నది: “ప్రేమించాల్సి ఉంది” లాంటి అర్థం. స్పానిష్ వ్యాకరణం రాసిన నెబ్రిహా 1492లోనే ఈ అతుకు గమనించాడు.

ఇక మన పిల్లలకి ఎందుకు తేలికో చూడండి. “తెంద్రా వెయింతె ఆన్యోస్” అంటే “ఇరవై ఏళ్ళుంటాయి”. “సెరాన్ లాస్ ఓచో” అంటే “ఎనిమిదై ఉంటుంది”. “అబ్రా సలీదో” అంటే “బయల్దేరి ఉంటాడు”. రేపటికీ ఊహకీ ఒకే రూపం వాడే అలవాటు మనకి ముందే ఉంది. అంతకన్నా లోతైన పోలిక ఇంకొకటి. స్పానిష్‌లో ఇప్పటి సంగతి ఊహించడానికి సేర్, ఎస్తార్, తెనేర్ (కలిగి ఉండడం), అబేర్ లాంటి స్థితి చెప్పే క్రియలే ఎక్కువగా పనికొస్తాయి. “వెంద్రా” అంటే మామూలుగా “వస్తాడు” అనే. “ఇప్పుడు దారిలో ఉంటాడు” అనాలంటే “ఎస్తరా వినియెందో” అనాలి. మనమూ అంతే కదా, “వస్తూ ఉంటాడు” అంటాం. పనిని ‘ఉండు’ మీదకి ఎక్కిస్తేగానీ మన దగ్గరా ఊహ పలకదు.

దీన్ని చూపించకుండా ‘సెరా’ అంటే ‘అవుతుంది’ అని బట్టీ పట్టించడం పిల్లలకి అన్యాయం.

మాడ్రిడ్_తెలుగు:
అక్కా, ఆ పోలికే నాకు టెన్షన్. మన ‘వస్తాడు, ఉంటాడు’ రూపం మూడు పనులు చేస్తుంది: రేపు వస్తాడు, ఈపాటికి వస్తూ ఉంటాడు, రోజూ వస్తాడు. మూడోది స్పానిష్ భవిష్యత్తులో లేదు. “రోజూ ఆరింటికి లేస్తాను” అనడానికి తెలుగు విద్యార్థులు “మే లెవంతరే అ లాస్ సెయిస్” అనడం ఇక్కడ తరచూ వింటుంటాను. వినేవాళ్ళు అది రేపటి ప్లాన్ అనుకుంటారు. అలవాటుకి “మే లెవంతో”, వర్తమానమే. ‘ఎప్పుడైతే’ వాక్యాల్లోనూ ఇదే ఇబ్బంది. నువ్వు వచ్చినప్పుడు అనడానికి “కువాందో వెంద్రాస్” కుదరదు, “కువాందో వెంగాస్” అనాలి. తెలుగుతో జోడిస్తే తలుపు తెరుచుకుంటుంది సరే, పక్కనున్న గోతి కూడా అదే రోజు చూపించాలి.

పాఠాలు_చెప్పే_అక్క:
అది ఒప్పుకుంటాను. అలవాటు గురించిన హెచ్చరిక మొదటి రోజే చెప్పాలి.

గోదావరి_గట్టు:
ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నాను, ఒక్క మాట. “సెరా ఇంతెలిహెంతె, పెరో నో త్రబాహా” అంటే “తెలివైనవాడే అయ్యుండొచ్చు, కానీ పని చేయడు”. ఇక్కడ రేపూ లేదు, సందేహమూ లేదు. ఎదుటివాడి మాట ఒప్పుకున్నట్టే ఒప్పుకుని తిప్పికొట్టడం. కొలంబియా క్లయింట్‌తో ఈ ‘సెరా’ అర్థం కాకపోతే గొడవ ఎటు పోతోందో కూడా తెలియదు. ఏ పాఠంలోనూ నాకిది కనపడలేదు, చర్చల్లోనే పట్టుబడింది.

సాయంత్రం_బ్యాచ్:
అందరికీ థ్యాంక్సండి. నాకు పనికొచ్చిన గుర్తు ఒకటి చెప్తాను. “ఎస్తరా ఎన్ కాసా” పక్కన ‘మన్యానా’ పెడితే రేపు ఇంట్లో ఉంటాడు. ‘అ ఎస్తా ఓరా’ పెడితే ఈ టైముకి ఇంట్లోనే ఉండి ఉంటాడు. రెండు వాక్యాలూ ఒకే గంటలో, పక్కపక్కనే నేర్పమని మా టీచర్‌ని అడగబోతున్నాను.

మాడ్రిడ్_తెలుగు:
అడగండి. అయినా మొదటి వారం నా ఓటు ‘లా రెఉనియోన్ సెరా’కే. ఉద్యోగంలో చేరినవాడు ముందు రాయాల్సింది ఆ ఈమెయిలే.