సెంటాస్ 7 నుంచి డెబియన్ 12కి: రెయిడ్ డిస్కుల్లో డేటా పోకుండా మారడం ఎలా?

ప్రశ్న

ఇంట్లో ఫైల్ సర్వర్ సెంటాస్ 7 అనే లినక్స్ ఓఎస్ మీద నడుస్తోంది. 2024 జూన్ 30తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మరో లినక్స్ ఓఎస్ అయిన డెబియన్ 12కి మారాలి. ఓఎస్ 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉంది. 2.6 టీబీ డేటా రెండు 4 టీబీ డిస్కుల్లో ఉంది: ఎండీఏడీఎం (లినక్స్ రెయిడ్ టూల్)తో చేసిన రెయిడ్ 1, అంటే రెండింట్లోనూ అదే డేటా; ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్. సాంబా షేర్లు (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్లు), ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఉన్నాయి. ఫార్మాట్ చేయకుండా కొత్త ఓఎస్ ఆ డిస్కులను గుర్తుపడుతుందా?

జవాబు 1

గుర్తుపడుతుందండి. రెయిడ్ వివరం ఓఎస్‌లో కాదు, డిస్కుల మీదే సూపర్‌బ్లాక్ అనే చిన్న భాగంలో ఉంటుంది. అయినా ముందు బ్యాకప్ తీయండి. రెయిడ్ 1 బ్యాకప్ కాదు, ఒక డిస్కులో చెరిగింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ చెరుగుతుంది. బయటి డిస్కును ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసి ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో కాపీ చేయండి. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఫైళ్ల ఓనర్లు, పర్మిషన్లు పోతాయి. ఏడెనిమిది గంటలు పడుతుంది.

తర్వాత మెషీన్ ఆపి, రెండు డేటా డిస్కుల సాటా కేబుళ్లు పీకేసి అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. ఎస్‌డీఏ (లినక్స్ డిస్కుకు పెట్టే పేరు) అంటే ఎప్పుడూ ఎస్‌ఎస్‌డీయేనని నమ్మకండి, ఇన్‌స్టాలర్‌లో ఆ పేరు 4 టీబీ డిస్కుకు పడొచ్చు. కొత్త ఓఎస్‌లో ఎండీఏడీఎం, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ ప్యాకేజీలు వేసి, ఆపి, కేబుళ్లు పెట్టి ఆన్ చేయండి. మొదట రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఫైళ్లు చూసుకోండి.

రెయిడ్ పేరు ఎండీ0 బదులు ఎండీ127 అని కనిపిస్తే కంగారు వద్దు. ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ అరే (రెయిడ్ డిస్కుల జట్టు) లైను లేకపోవడమే కారణం. అది చేర్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య)తో పాటు నోఫెయిల్ అనే ఆప్షన్ కూడా రాయండి. లేకపోతే డిస్క్ దొరకనప్పుడు బూట్ 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది.

జవాబు 2

పై జవాబులో డేటాబేస్ సంగతి రాలేదు. మీరు చోటు మార్చి ఉండకపోతే పోస్ట్‌గ్రెస్ ఫైళ్లు రెయిడ్‌లో కాదు, ఎస్‌ఎస్‌డీలో వార్ (/var) అనే ఫోల్డర్ కింద ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ తుడిస్తే అవీ పోతాయి. ఆ ఫోల్డర్ కాపీ చేసుకున్నా పని జరగదు. సెంటాస్ 7తో వచ్చే పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.2, డెబియన్ 12తో వచ్చేది 15; పాత వెర్షన్ ఫైళ్లను కొత్తది నేరుగా తెరవదు. పైగా లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షర క్రమం మారింది కాబట్టి పాత టెక్స్ట్ ఇండెక్సులు తప్పు ఫలితాలు ఇస్తాయి. పాత సర్వర్‌లోనే పీజీ డంప్‌ఆల్ అనే పోస్ట్‌గ్రెస్ టూల్‌తో డేటా తీసి కొత్తదాంట్లో ఎక్కించండి.

యూజర్లను పాత యూఐడీ (యూజర్ గుర్తింపు) నంబర్లతోనే సృష్టించండి, లేకపోతే ఫైళ్ల ఓనర్లు తారుమారవుతారు. సాంబా పాస్‌వర్డ్‌లు మళ్లీ పెట్టుకోవడమే తేలిక. వీలైతే కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాతది అలాగే పక్కన పెట్టండి. ఏదైనా తేడా వస్తే కేబుల్ మార్చి వెనక్కి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఇప్పుడే చూస్తే రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో, డిస్కుకు ఒకటి చొప్పున ఉండాల్సిన రెండు యూ (U) అక్షరాలకు బదులు ఒక యూ, ఒక అండర్‌స్కోర్ ఉన్నాయి.

జవాబు 1

అయితే ఆగండి. ఒక డిస్క్ రెయిడ్ నుంచి పడిపోయింది, ఇప్పుడు మీ డేటాకు ఒకే కాపీ ఉంది. ఈ రాత్రే బ్యాకప్ తీయండి. తర్వాత పడిపోయిన డిస్కుకు స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్యం చూపే కమాండ్) నడిపి కరెంట్ పెండింగ్ సెక్టర్ (చదవలేకపోతున్న చోట్ల లెక్క) అంకె చూడండి. సున్నా అయితే కేబుల్ మార్చి మళ్లీ చేర్చండి. సున్నా కాకపోతే కొత్త డిస్క్ వేయండి. రీబిల్డ్‌కు (డేటా ఆ డిస్కులోకి మళ్లీ కాపీ కావడానికి) ఎనిమిది గంటలకు పైనే పట్టొచ్చు. రెండు యూలు కనిపించాకే ఓఎస్ జోలికి వెళ్లండి.