ఉప్పు కరుగుతుంది, మంచూ కరుగుతుంది. మాట ఒకటే, పనీ ఒకటేనా?

అనువాద బల్ల

పదార్థ స్థితుల మీద పిల్లల పాఠం ఒకటి తెలుగు చేస్తుంటే ‘కరుగు’ దగ్గర బండి ఆగింది. మంచుగడ్డ ఎండకి కరుగుతుంది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. కర్పూరం డబ్బాలో ఉండగానే కరిగిపోతుంది. మూడూ మూడు వేరు సంగతులు, మనం వాడుతున్నది మాత్రం ఒకే క్రియ. ఉప్పు కూడా మంచులాగే ద్రవమైపోయిందని పిల్లవాడు అనుకోడా? ‘ద్రవీభవించును’ అని రాసేస్తే గొడవ వదులుతుంది గానీ, చదివేవాడూ వదిలేసి పోతాడు. ఏం చేద్దాం?

రసాయనం మాస్టారు

అనుకుంటాడండీ, అందులో అనుమానం లేదు. ఉప్పు నిజంగా ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. గ్లాసుడు చన్నీళ్లలో అది ద్రవం కాలేదు. దాని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) విడిపోయి, ఒక్కొక్కదాని చుట్టూ నీటి అణువులు చేరాయి, అంతే.

పిల్లలకి చెప్పాల్సిన తేడా ఇది: కరగడానికి వేడి ఒక్కటే చాలితే అది ద్రవీభవనం. ఇంకో పదార్థం తోడు కావాల్సివస్తే అది ద్రావణం తయారవడం. తిరిగి రాబట్టే దారి కూడా వేరు. కరిగిన మంచు చల్లబరిస్తే గడ్డకడుతుంది. కరిగిన ఉప్పు కావాలంటే నీళ్లని ఎండబెట్టాలి, ఉప్పు మళ్లలో చేసేది అదేగా. ఇంకో ఆనవాలు, హద్దు. గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు సుమారు 36 గ్రాముల ఉప్పుని పట్టుకుంటాయి. ఆపైన వేసింది ఎంత తిప్పినా అడుగునే కూర్చుంటుంది. మంచుకి ఆ హద్దు లేదు, వేడి అందుతున్నంతసేపూ కరుగుతూనే ఉంటుంది. సున్నా డిగ్రీల్లో ఉన్న కిలో మంచు అంతా నీరు కావడానికి 334 కిలోజౌళ్లు మింగుతుంది. ఆ మింగుతున్నంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది.

నిఘంటువు పురుగు

తెలుగుకి మాటలు తక్కువై ఇలా జరిగిందని మాత్రం అనుకోకండి. తమిళం ఈ రెంటినీ చాలావరకు విడదీసి వాడుతుంది: మైనం, వెన్న ‘ఉరుగు’తాయి, ఉప్పు, చక్కెర ‘కరై’తాయి. కన్నడం మనలాగే రెంటికీ ‘కరగు’ అంటుంది. సంస్కృతం పదాలతో గండం గడుస్తుందనుకుంటాం గానీ, అక్కడా మూలం ఒకటే. ‘ద్రు’ అంటే పరుగెత్తు, పారు. ద్రవం, ద్రవీభవనం పుట్టిందీ అందులోంచే. ద్రావణం, ద్రావణి, ద్రావితం పుట్టిందీ అందులోంచే. తేడా అంతా ప్రత్యయాలు మోస్తున్నాయి.

‘కరుగు’ స్థితి మార్పుని చెప్పే మాటే కాదని నా లెక్క. ఉన్న ఆకారం పోవడాన్ని చెబుతుంది. అందుకే మబ్బు కరుగుతుంది, ఒంట్లో కొవ్వు కరుగుతుంది, తాతల నాటి ఆస్తి కరుగుతుంది, రాతిగుండె సైతం కరుగుతుంది. వీటిలో ఏది ద్రవమైంది?

కుంపటి

రెండు కరగడాలూ ఒకేచోట చూడాలంటే కంసాలి మూస, అంటే బంగారం కరిగించే గిన్నె, చాలు.

ఖాళీ మూసని ముందు ఎర్రగా కాల్చి, లోపల వెలిగారం (బోరాక్స్) చల్లి గాజులాంటి పూత పట్టిస్తారు. తర్వాత బంగారం ముక్కలు వేసి, పైన మళ్లీ కొంచెం వెలిగారం. నీరు పోయిన వెలిగారం 743 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది. మేలిమి బంగారానికి 1064 కావాలి. రాగి, వెండి కలిసిన నగ బంగారం ఇంకాస్త ముందే దిగుతుంది. ఇవి మాస్టారు చెప్పిన మొదటి రకం. ఈలోపు వేడికి రాగి మీద నల్లటి ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర ద్రవమైన వెలిగారంలో కలిసిపోయి, బంగారం మెరుస్తూ బయటపడుతుంది. ఇది రెండో రకం, ఉప్పు నీళ్లలో కరిగినట్టే. పని చేసేవాడు రెంటినీ ‘కరిగింది’ అనే అంటాడు, వాడికి ఏ తికమకా లేదు.

తేడా కొట్టేది వెలిగారం పచ్చిగా వేసినప్పుడు. దాని పలుకులో నీరు చాలా ఉంటుంది, బరువులో దాదాపు సగం. వేడి తగలగానే ఆ నీరు ఆవిరై నురగలా పొంగి, సన్నటి రవ్వల్ని మూస అంచు మీదకి ఎత్తుకుపోతుంది. ముందే విడిగా పొంగించి, దంచి ఉంచుకున్న వెలిగారం వాడేది అందుకే.

వంటింటి లెక్క

కంసాలికి తికమక లేకపోవచ్చు గానీ వంట రాసేవాళ్ల వల్ల మాత్రం బోలెడంత ఉంది. ‘ముందుగా పంచదార కరిగించుకోండి’ అని రాస్తారు. నీళ్లతోనా, ఉత్తి మూకుట్లోనా? నీళ్లు పోస్తే పాకం. పోయకపోతే 160 డిగ్రీలు దాటాక పంచదార ఒకపక్క కరుగుతూ, ఒకపక్క విరిగిపోతూ ఎరుపెక్కుతుంది. అది క్యారమెల్. గులాబ్ జామ్‌కి మొదటిది, క్యారమెల్ పుడ్డింగు గిన్నె అడుక్కి రెండోది. ఆ వాక్యంలో ‘అరకప్పు నీళ్లలో’ అన్న మాట లేకపోతే వంట పాడవుతుంది.

అరిసెల బెల్లమైతే రెండు దశలు, రెండు క్రియలు. మొదట కొద్ది నీళ్లలో కరిగించి వడకట్టాలి, ఇసుకా చెత్తా పోవడానికి. ఇది నీళ్లలో కరగడమే, పాకం కాదు. తర్వాత నీరు ఇగిరేకొద్దీ అది మరిగే వేడి 100 దాటి పైకి పోతుంది. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే వేళ్లకి మెత్తటి ఉండ కట్టిందంటే సుమారు 115 డిగ్రీలకి చేరినట్టు. తీగపాకం దగ్గరే దించేస్తే లోపల నీరెక్కువ మిగిలి అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే గట్టిగా రాయి అవుతుంది.

ఇంకొకటి, ‘నూనె మరిగాక వడలు వేయండి’. నూనె మరగదండీ. వేపుడుకి కావలసింది 170 నుంచి 190 డిగ్రీలు. ఇంకా మంట పెంచితే మరిగేలోపే పొగలు కమ్మి, విరిగిపోతుంది. వడ వేయగానే లేచే బుడగలు పిండిలోని నీరు ఆవిరై వస్తున్నవి. నూనెకి ‘కాగు’ సరైన మాట, నీళ్లకి ‘కాగు’ తర్వాత ‘మరుగు’. తెలంగాణలో ఎసరు ‘మసులుతది’, అది మరగడంతో సమానం. కాగిన నీళ్లు స్నానానికి పనికొస్తాయి, మసిలే నీళ్లు బియ్యానికి. ఇంత చక్కటి తేడా మనకుండగా రెంటికీ ‘వేడి చేయండి’ అని రాయడం ఏమిటో!

అనువాద బల్ల

బాగుంది. అయితే మరి కర్పూరం?

నిఘంటువు పురుగు

దానికి తెలుగువాళ్లు ఎప్పుడో వేరే మాట చూసుకున్నారు. హారతి కర్పూరంలా ‘హరించుకుపోయింది’ అంటాం. ఘనం ద్రవం కాకుండానే వాయువై పోవడానికి ఇంతకంటే ఏం కావాలి? పాఠ్యపుస్తకాల ‘ఉత్పతనం’ కూడా మంచి మాటే. ‘పత్’ ధాతువుకి పడు, ఎగురు అని రెండర్థాలూ ఉన్నాయి, ‘ఉత్’ చేరి పైకెగరడం అయింది. కాకపోతే పక్కనే ‘పతనం’ కనిపించి పిల్లలు కింద పడటమనుకుంటారు, ఒక వాక్యంలో విప్పి చెప్పండి.

కుంపటి

ఒక్క అభ్యంతరం. హారతి పళ్లెంలో వెలిగే బిళ్ల కింద ద్రవం తళతళలాడుతూ కనిపిస్తుంది కదా. అక్కడ ‘కరిగింది’ అంటే తప్పా?

రసాయనం మాస్టారు

తప్పు కాదు, మంట దగ్గర కర్పూరం నిజంగానే కరుగుతుంది. అది ద్రవమయ్యేది 175 నుంచి 180 డిగ్రీల మధ్య, మంట వేడి దానికి చాలా ఎక్కువ. మండేది మాత్రం పైకి లేచిన ఆవిరే. డబ్బాలో ఉన్నదాని సంగతి వేరు, అక్కడ ఉత్పతనమే. బీరువాలో కలరా ఉండలూ అంతే. నాఫ్తలీన్ 80 డిగ్రీల దగ్గర గానీ ద్రవం కాదు, అయినా చీరల మధ్య నెలల్లో చిక్కి బఠాణీ గింజంత అవుతుంది, చీరమీద తడి మరక పడదు. ‘కరిగిపోయింది’ అని రాస్తే పిల్లవాడు ఆ మరక కోసం వెతుకుతాడు.

కర్పూరం డబ్బాలో మిరియాలు వేయడం అలవాటు. అసలు కాపాడేది బిగుతు మూత. డబ్బా లోపలి గాలి కర్పూరం ఆవిరితో నిండాక, ఎంత లేస్తుందో అంత తిరిగి అంటుకుంటుంది. మూత వదులైతే ఎన్ని మిరియాలు వేసినా ఆగదు. మూత లోపలివైపు కట్టే తెల్లటి పలుకులు వాయువు నేరుగా ఘనమైనవే, పాఠంలో బొమ్మగా వేయడానికి బాగుంటాయి.

వంటింటి లెక్క

‘కరుగు’ ఒక్కదాని మీదే పడ్డాం గానీ, పిల్లల్ని ఇంతకంటే తప్పుదారి పట్టించేది ‘చెమర్చు’. కొత్త కుండ చెమర్చింది, చల్లటి స్టీలు గ్లాసు చెమర్చింది అంటాం. కుండ విషయంలో మాట అక్షరాలా నిజం. లోపలి నీరే మట్టి రంధ్రాల్లోంచి బయటికి ఊరి, అక్కడ ఆవిరవుతూ కుండని చల్లబరుస్తుంది. గ్లాసు మీది చుక్కలు బయటి గాలిలోంచి వచ్చినవి. ఒకటి ఆవిరయ్యేది, ఒకటి ఆవిరి నీరయ్యేది, పూర్తిగా ఎదురెదురు పనులు. గ్లాసులో రంగునీళ్లు, ఐసు ముక్కలు వేసి పది నిమిషాలు ఉంచి, బయటి చుక్కని తెల్ల కాగితంతో అద్దించండి. రంగు అంటదు. వానాకాలం బాగా పడుతుంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్ మధ్యాహ్నం చేస్తే చుక్కలు సరిగ్గా పట్టక ప్రయోగం నవ్వులపాలవుతుంది.

నిఘంటువు పురుగు

గట్టిపడే వైపు కూడా చూసుకోండి. నీరు గడ్డకడుతుంది, నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, రక్తం గడ్డకడుతుంది. మొదటి రెండింటికే ‘ఘనీభవనం’ నప్పుతుంది. తోడుకోవడం బ్యాక్టీరియా చేసిన ఆమ్లానికి పాల మాంసకృత్తులు వల కట్టడం, రక్తానిది ‘స్కందనం’. ‘రక్తం ఘనీభవించెను’ అని రాసే అనువాదాల్లో శవాన్ని ఐసులో పెట్టినట్టే ఉంటుంది.

వంటింటి లెక్క

నెయ్యికి ఒకే కరిగే డిగ్రీ రాయకండి. అది రకరకాల కొవ్వుల కలగలుపు, ఒక్కో కొవ్వు ఒక్కో వేడికి దిగుతుంది. అందుకే మధ్యలో సగం నీళ్లలా, సగం ముద్దలా ఉంటుంది. నెమ్మదిగా చల్లారితే పెద్ద పలుకులు కట్టి పూసనెయ్యి అవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టేస్తే నున్నటి ముద్ద.

అనువాద బల్ల

అయితే ఇలా చేస్తున్నాం. ‘కరుగు’ని ఉంచుతాం, ఒంటరిగా వదలం. ‘వేడికి కరిగింది’, ‘నీళ్లలో కరిగింది’ అని ప్రతిసారీ తోడు మాట పెడతాం. ద్రవీభవనం, ద్రావణం పాఠం మధ్యలో ఒకసారి పరిచయం చేస్తాం. కర్పూరానికి ‘హరించుకుపోవు’, పక్కన ఉత్పతనం. ‘చెమర్చు’ ఉంచి, రంగునీళ్ల ప్రయోగం చేర్చుతాం. ఒక అభ్యాసం ప్రశ్న మిగిలింది: ‘నోట్లో వేసుకోగానే కరిగిపోయే పూతరేకు’. ఇది ఏ కరగడం?

రసాయనం మాస్టారు

రేకు బియ్యపు పిండిది, అది కరగదు, లాలాజలానికి నాని చితుకుతుంది. బెల్లప్పొడి ఆ తడిలో కరుగుతుంది. నెయ్యి 37 డిగ్రీల నోటి వేడికి కరుగుతుంది. పొరకో జవాబుంది కాబట్టి దీనికి మూడు మార్కులు పెట్టండి.