మారుతి సూపర్ క్యారీ మినీ ట్రక్కు: గ్యాస్‌లో జెర్కులు, పెట్రోల్‌లో మామూలే

నూజివీడు నుంచి మామిడి లోడుతో వస్తుంటే సీఎన్‌జీలో బండి జెర్కులు కొడుతోంది. పెట్రోల్‌కి మారిస్తే బాగానే ఉంది, కానీ 5 లీటర్ల ట్యాంకుతో ఎంత దూరం? స్పార్క్ ప్లగ్గులు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) అరిగాయేమో, నేనే మార్చుకోవచ్చా అన్నా?

— మార్చుకో తమ్ముడూ. గ్యాస్ అంటుకోవడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే అరిగిన ప్లగ్గు ముందు సీఎన్‌జీలోనే దొరికిపోతుంది. సీటు లేపితే కిందే ఇంజిన్. పూర్తిగా చల్లారాకే విప్పు. ప్లగ్గు బిగిసే హెడ్ (ఇంజిన్ పై భాగం) అల్యూమినియం, వేడి మీద విప్పితే దాని మరలు పోతాయి. ముందు గాలి కొట్టి ప్లగ్గుల గుంతల్లో దుమ్ము తీసెయ్, లేదంటే అదంతా సిలిండర్‌లోకే. కొత్తవి చేత్తో తిప్పి ఎక్కించు, పానా చివర్లోనే.

— ప్లగ్గు కొనల మధ్య గ్యాప్ ఎంత ఉండాలో మాన్యువల్‌లో చూడండి. అయినా జెర్కులు తగ్గకపోతే ఇగ్నిషన్ కాయిల్స్ (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి) అటూఇటూ మార్చి చూడండి.

— నాది డీజిల్ బొలెరో పికప్. ఎన్ని ప్లగ్గులు కొనాలి?

— డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గులే ఉండవు బాబాయ్!