‘బలిపశువు’ అంటే ఆ రెండు మేకల్లో ఏది?

ప్రశ్న:
ఒకరి తప్పుకు మరొకరిని బాధ్యులను చేస్తే ‘బలిపశువును చేశారు’ అని పత్రికలు రాస్తాయి. ఇంగ్లీషు ‘స్కేప్‌గోట్’కు కూడా ఇదే మాట వాడుతున్నాం. కానీ బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండము 16వ అధ్యాయంలో పాపాలు మోసిన మేకను వధించలేదు, అరణ్యానికి పంపేశారు. దానిని బలి అనవచ్చునా? యేసును ఆ మేకతో పోల్చడం బైబిలులోనే ఉందా?

మొదటి జవాబు:
మీ సందేహం సబబైనదేనండీ. ప్రాయశ్చిత్తార్థ దినాన (యూదులు ఏటా పాపపరిహారం కోసం పాటించే దినం) ప్రధాన యాజకుడు రెండు మేకలకు చీట్లు వేసి, యెహోవా పేరు పడినదానిని వధించి, దాని రక్తాన్ని అతిపరిశుద్ధ స్థలంలో చల్లేవాడు. ‘అజాజేలు’ చీటి పడినదాని తలపై రెండు చేతులూ ఉంచి, ఇశ్రాయేలీయుల దోషాలన్నీ ఒప్పుకొని, ఒక మనిషి చేత అరణ్యానికి పంపేవాడు. రక్తం ఒకదానిది, భారం ఇంకొకదానిది. అయినా 5వ వచనం రెండింటినీ కలిపే పాపపరిహారార్థ బలి అంటుంది. అజాజేలు ఎవరు, ఏమిటి అన్నది పాత వివాదం: మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రషీ దానిని కఠినమైన కొండచరియ అన్నాడు, ప్రాచీన యూదు రచన అయిన హనోకు గ్రంథంలో అది పతనమైన దూత పేరు. ఇక మిష్నా (యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం) చెప్పే, యెరూషలేములోని రెండవ ఆలయ కాలపు ఆచారంలో ఈ అజాజేలు మేక బతికి బయటపడేది కాదు. తలకు ఎర్ర ఉన్ని కట్టి, కొండ కొమ్ము నుంచి వెనక్కు తోసేవారు.

రెండవ జవాబు:
వందనాలు. కొత్త నిబంధన ఈ మేకను పేరెత్తి క్రీస్తుతో పోల్చదు. యోహాను 1:29లో ఉన్నది గొఱ్ఱెపిల్ల. యేసు ‘గవిని వెలుపల’ (నగర ద్వారం బయట) శ్రమపడ్డాడన్న హెబ్రీయులకు 13:12ను మన ప్రసంగాల్లో అరణ్యపు మేకకు ముడిపెట్టడం విన్నాను గానీ, దానికి ముందున్న వచనం పాళెము (శిబిరం) వెలుపల కాల్చిన కళేబరాల గురించి మాట్లాడుతుంది, అంటే వధించిన పశువుల గురించే. ఆ పోలికను సూటిగా చేసినది బైబిలులో చేరని తొలి క్రైస్తవ రచన బర్నబా పత్రిక, 7వ అధ్యాయం.

మూడవ జవాబు:
పత్రికల వాడుకలో జనం తమ తప్పు దాచుకోవడానికి ఒకరిని ముందుకు తోస్తారు; ఈ క్రతువులో మాత్రం తప్పును ముందు నోరారా ఒప్పుకోవాలి. పాపాలు ఒకరి వీపు మీది నుంచి మరొకరి వీపుకు మార్చే బరువులు కావని, ఇదంతా మనసును పశ్చాత్తాపం వైపు తిప్పే సంకేతమని మధ్యయుగపు యూదు తత్వవేత్త మైమోనిదీస్ రాశాడు. క్రీ.శ. 70లో ఆలయం కూలాక మేకలు లేవు, ఉపవాసమూ ఒప్పుకోలూ మిగిలాయి. తోటివాడికి చేసిన అపరాధాన్నైతే, అతనిని సమాధానపరచుకునేదాకా ఆ దినం కూడా పరిహరించదని మిష్నా యోమా 8:9 చెబుతుంది.