నెట్ బిల్లు కేబుల్ అబ్బాయి చేతికిద్దామా, ఆన్‌లైన్‌లో కడదామా? మా ఇంట్లో రెండు పార్టీలు

సత్యనారాయణపురం కోడలు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురంలో పన్నెండు ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. నెట్ వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి నెలా ఐదో తారీఖున కేబుల్ అబ్బాయి వచ్చి డబ్బులు తీసుకెళ్తాడు. మొన్న లిఫ్ట్ పక్కన కాగితం అంటించాడు. వచ్చే నెల నుంచి చేతికి తీసుకోం, కంపెనీ యాప్‌లోగానీ మీ ఫోన్‌లో ఉన్న యూపీఐ యాప్‌లోగానీ కట్టుకోండి అని.

మా ఆయన "పోన్లే, పొద్దున్నే బెల్లు కొట్టే పీడ వదిలింది" అన్నారు. మా మామయ్యగారు మాత్రం ససేమిరా అంటున్నారు. 72 ఏళ్ళు. రేపు వైరు తెగితే యాప్ వచ్చి కడుతుందా అంటారు. పాలవాడికి, కూరగాయల బండికి మాత్రం ఆయనే ఫోన్ తీసి స్కాన్ చేస్తారు, అదొక విచిత్రం. అసోసియేషన్ మీటింగ్‌లో కూడా ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. మీ ఇళ్ళలో ఎలా చేస్తున్నారు? నిజంగా ఏది మంచిది?

పటమట పిల్లోడు:

దీనికి కూడా చర్చ ఎందుకండీ? నేను బిల్లు కట్టి మూడేళ్ళు దాటింది. అంటే ఎగ్గొట్టానని కాదు, ఆటోపే పెట్టేశా, నెలనెలా ఖాతాలోంచి దానంతట అదే కట్ అయిపోతుంది. డబ్బులు కట్ అవడానికి 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే అప్పుడే ఆపేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి ఆ రూలు గట్టిగా అమలు చేస్తోంది. తారీఖు గుర్తుపెట్టుకోవడాలు, చిల్లర వెతుక్కోవడాలు, "రేపు రా బాబూ" అనడాలు ఏమీ లేవు. మామయ్యగారికి ఒకసారి చూపించండి, ఆయనే అలవాటు పడతారు.

బ్రాడీపేట నాలుగో లైను:

గుంటూరు నుంచి. పటమట తమ్ముడూ, నీకు ఇంకా దెబ్బ తగల్లేదు కాబట్టి అలా మాట్లాడుతున్నావ్. పోయిన ఏడాది నా కథ విను. రాత్రి పదింటికి బిల్లు కట్టా. డబ్బులు కట్ అయ్యాయి, సక్సెస్ అని పచ్చ టిక్కు కూడా వచ్చింది. పొద్దున్నే నెట్ పోయింది. ఆపరేటర్‌ని అడిగితే మాకు రాలేదంటాడు. బ్యాంకు వాళ్ళేమో వెళ్ళిపోయిందంటారు. మా అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష. ఆరు రోజులు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద సంసారం చేశాం.

చివరికి తేలిందేంటంటే, కస్టమర్ ఐడీలో చివరి అంకె 6 బదులు 9 కొట్టా. ఎవరో పుణ్యాత్ముడి ఇంటికి నా డబ్బుతో రీఛార్జి అయింది. ఆయన కూడా ఏమీ మాట్లాడలేదు చూడండి, నెల రోజులు సినిమాలు చూసుకున్నాడు. కేబుల్ అబ్బాయి చేతికిస్తే ఈ గొడవ ఉండేదా? వాడికి మా ఇల్లు తెలుసు, మా కుక్క కూడా తెలుసు.

పటమట పిల్లోడు:

అన్నా, నంబరు కొట్టాక యాప్‌లో పేరు వస్తుంది కదా, ఫలానా వాళ్ళది అని. అది చూడకుండా కట్టింది మీరు, తప్పు ఆన్‌లైన్‌దా?

బ్రాడీపేట నాలుగో లైను:

వచ్చింది. చూడలేదు. ఒప్పుకుంటున్నా. రాత్రి పదింటికి, అదీ కళ్ళజోడు లేకుండా.

బ్యాంకు కౌంటరు అక్క:

నేను బ్యాంకులో పని చేస్తాను. ఇలాంటి కేసులు వారానికి నాలుగైదు వస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

డబ్బు పోయిందనే ప్రతిదీ ఒకటే రకం కాదు. ఖాతాలోంచి కట్ అయి అవతలి వాళ్ళకి చేరకపోతే అది ఫెయిలైన లావాదేవీ. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు ప్రకారం, యూపీఐలో బిల్లు లేదా దుకాణం చెల్లింపు అలా మధ్యలో ఆగితే ఐదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. చాలామందికి ఇది తెలియక రెండో రోజే మళ్ళీ కట్టేస్తారు. తర్వాత రెండుసార్లు పోయిందని మా దగ్గరికొస్తారు.

నాలుగో లైను అన్నగారిది మాత్రం ఆ లెక్కలోకి రాదు. డబ్బు చేరింది, కాకపోతే తప్పు ఇంటికి చేరింది. అక్కడ బ్యాంకు చేసేదేం లేదు, కంపెనీ వాళ్ళే సరిచేయాలి. అందుకే బిల్లు ఎప్పుడూ యాప్‌లో బిల్లుల విభాగంలోంచే కట్టండి. అది భారత్ కనెక్ట్ (పాత పేరు భారత్ బిల్ పే) అనే బిల్లుల చెల్లింపు పద్ధతిలో వెళ్తుంది, లావాదేవీ నంబరు వస్తుంది, ఆ నంబరుతో ఫిర్యాదు పెట్టొచ్చు. అంతేగానీ ఆపరేటర్ సొంత ఫోన్ నంబరుకి డబ్బు కొట్టేసి "బిల్లు కట్టా" అనుకోకండి. అది మీ బావమరిదికి డబ్బు పంపినట్టే లెక్క.

ఇంకోటి. "ఈ రాత్రికి మీ నెట్ కట్ అవుతుంది, ఈ లింకులో పది రూపాయలు కట్టండి" అని మెసేజ్ వస్తే ముట్టుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, తెల్లారాక చూద్దాం అనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటేస్తుంది.

పాయకాపురం పిన్ని:

పటమట బాబూ, నీ ఆటోపే సంగతి నాకు చెప్పకు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు మా మీద పడింది. మీ పటమట వైపు పెద్దగా రాలేదు గానీ, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఎలా మునిగాయో టీవీలో చూసే ఉంటావు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మంచినీళ్ళే లేవు. మేం మేడ మీద పక్కింటివాళ్ళ పిల్లల్తో కలిసి కూర్చున్నాం. రౌటర్ కింద గదిలో బురదలో ఉంది. ఆ బురదలో ఉన్న నెట్‌కి నాలుగో తారీఖున మా ఖాతాలోంచి ఠంచనుగా డబ్బులు కట్ అయ్యాయి. 24 గంటల ముందు మెసేజ్ వచ్చే ఉంటుంది, ఎవరు చూశారు?

నీళ్ళు తీశాక మా కేబుల్ అబ్బాయి మోకాలి లోతు బురదలో తిరిగి వైర్లు లాగాడు. వాళ్ళ ఇల్లు కూడా మునిగింది, అయినా వచ్చాడు. "ఈ నెల ఏమీ ఇవ్వకండి పిన్నీ" అన్నాడు. మనిషికీ మిషనుకీ తేడా అదే. నేను ఆ తర్వాతి నెలే ఆటోపే తీసేశా.

పటమట పిల్లోడు:

పిన్నీ, దానికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఆ నెల డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగారా?

పాయకాపురం పిన్ని:

అడిగాను. పరిశీలిస్తాం అన్నారు. పరిశీలిస్తూనే ఉన్నారు.

కృష్ణలంక పాత కేబుల్:

పద్దెనిమిదేళ్ళు కేబుల్ నడిపి మానేసినవాణ్ణి. అసలు ఈ డబ్బు ఎటు పోతుందో ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

మీరు ఆపరేటర్‌కి 500 ఇస్తే వాడు జేబులో వేసుకుని మీ ఇంటికి నెట్ వదలడు. కంపెనీ దగ్గర వాడికొక ఖాతా ఉంటుంది, అందులో ముందే డబ్బు వేయాలి. అందులోంచి మీ ఐడీకి రీఛార్జి చేస్తాడు. వాడి ఖాతాలో డబ్బు లేకపోతే, మీరు ఇచ్చినా మీ నెట్ ఆగిపోతుంది. "సర్వర్ ప్రాబ్లం సార్" అని ఎన్నోసార్లు విని ఉంటారు. సగం సార్లు సర్వర్ కాదు, వాడికి మూడో వీధిలో బాకీలు వసూలు కాకపోవడం. నేనూ అన్నాను ఆ మాట, దాచేదేముంది.

టీవీ సంగతి ఇంకాస్త వేరు. 2019 ఫిబ్రవరి ఒకటిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పుడు వంద ఛానళ్ళకి 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు అని పెట్టారు. ఆ 130లో వేరే ఒప్పందం లేకపోతే పెద్ద కంపెనీకి నూటికి 55 పాళ్ళు, ఆపరేటర్‌కి 45 పాళ్ళు. స్తంభం ఎక్కేది వీడు, మీ తిట్లు తినేది వీడు. మీరు నేరుగా కంపెనీకి కడితే వీడి వాటా పోదు, కాకపోతే కంపెనీ ఇచ్చినప్పుడే తీసుకోవాలి. అయినా ఈ కుర్రాళ్ళు ఆన్‌లైనే కోరుకుంటున్నారంటే ఎందుకనుకున్నారు? మూడొందల ఇళ్ళు తిరగాలి, వందిళ్ళలో "రేపు రా". నా రోజుల్లో ఒకాయన క్రికెట్ వరల్డ్ కప్ అయ్యేదాకా బాకీ పెట్టి, ఫైనల్ అయ్యాక కనెక్షన్ తీసేయమన్నాడు.

కోడలు గారూ, ఒక్క మాట అడుగుతా. మీ మామయ్యగారు చేతికిచ్చేది ఎంత? ఆన్‌లైన్‌లో చూపించేది ఎంత?

సత్యనారాయణపురం కోడలు:

అయ్యో, మొదట్లో రాయాల్సింది, మర్చిపోయా. చేతికైతే 500. కాగితం మీద మాత్రం వంద ఎంబీపీఎస్ స్పీడు ప్లాను 500, జీఎస్టీ 90, మొత్తం 590 అని రాశాడు. మామయ్యగారి బాధ అదేనేమో అని మా ఆయన అనుమానం. ఏడాదికి 1080 తేడా.

బ్రాడీపేట నాలుగో లైను:

అదీ సంగతి! వైరు తెగితే ఎవరొస్తారు అనేది పైకి చెప్పే మాట. నేనూ చేతికే ఇస్తా. ఆ 90 నా దగ్గరుంటే నాలుగు రోజులు టిఫినొస్తుంది.

బ్యాంకు కౌంటరు అక్క:

మరి రసీదు లేకుండా తీసుకున్నది ఎవరి లెక్కలోకి పోతోందో ఆలోచించారా అన్నగారూ?

బ్రాడీపేట నాలుగో లైను:

చిన్న ఆపరేటర్లకి జీఎస్టీ లేదు కదండీ. 20 లక్షల లోపు అమ్మకాలుంటే అక్కర్లేదు. మూడొందల ఇళ్ళు, ఇంటికి 500, పన్నెండు నెలలు, వెరసి 18 లక్షలు. చట్టప్రకారమే.

కృష్ణలంక పాత కేబుల్:

లెక్క బాగానే కట్టావు గానీ పప్పులో కాలేశావ్ తమ్ముడూ. ఆ మినహాయింపు ఆపరేటర్ సొంతంగా అమ్ముకునేదానికి. ఇంటర్నెట్ లైసెన్సు కంపెనీది, బిల్లు కంపెనీ పేరు మీదే, దాని మీద 18 శాతం పడాల్సిందే. ఆపరేటర్ రీఛార్జి చేసినప్పుడే వాడి ఖాతాలోంచి పన్నుతో సహా పోతుంది.

అందుకే అడిగాను. 590 ప్లానుని 500కి ఎవడైనా ఇస్తే రెండే దారులు. తన కమీషన్‌లోంచి వదులుకుంటున్నాడు, పక్క వీధిలో పోటీ వాడున్నప్పుడు మేమూ చేసేవాళ్ళం. లేకపోతే మీరనుకునే ప్లాను మీ ఇంట్లో లేదు. అమ్మా, కంపెనీ యాప్‌లో మీ ఐడీతో లాగినై, ప్లాను పేరు ఒకసారి చూడండి.

పటమట పిల్లోడు:

ఇప్పుడు కథ రంజుగా ఉంది.

పాయకాపురం పిన్ని:

అన్నీ అనుమానాలే మీకు. పాపం ఆ కుర్రాడు.

సత్యనారాయణపురం కోడలు:

చూశాను. ప్లాను నలభై ఎంబీపీఎస్. 399, పన్నుతో కలిపి 471. వంద అనుకుంటూ రెండేళ్ళుగా 500 ఇస్తున్నాం! మా ఆయన మీటింగుల్లో వీడియో ఆగిపోతోందని కొత్త రౌటర్ కూడా కొన్నారు. ఆ రౌటర్ ఖరీదు తలచుకుంటేనే బీపీ పెరుగుతోంది. రేపు ఆ అబ్బాయిని పిలిచాం.

బ్యాంకు కౌంటరు అక్క:

గొడవ పడేముందు పాత రీఛార్జి తారీఖులు కూడా చూడండి. ప్లాను ఎప్పుడు మారిందో అందులోనే ఉంటుంది.

సత్యనారాయణపురం కోడలు:

అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు కదా, అందుకే రాస్తున్నా.

అబ్బాయి వచ్చాడు. మా ఆయన కాస్త గట్టిగానే మొదలుపెట్టారు. వాడు నోరు తెరవకుండా మామయ్యగారి వైపు చూశాడు. మామయ్యగారు పేపర్‌లోంచి తల ఎత్తలేదు. చివరికి వాడే, "సార్, పెద్దాయనే తగ్గించమన్నారు. 590 ఎక్కువ, 500 లోపల ఏదుంటే అది వెయ్యమన్నారు. మిగతా 29 నాకు టీకి ఉంచుకోమన్నారు" అన్నాడు. మా ఆయన ప్రతి నెలా నెట్‌కీ, చిల్లర ఖర్చులకీ కలిపి మామయ్యగారికి ఇచ్చే 590లో మిగిలిన 90 ఎటు పోతోందో కూడా అప్పుడే తెలిసింది. పక్క వీధిలో హోటల్ ఇడ్లీ.

"వార్తలు చూడ్డానికి నలభై చాలదా?" అన్నారు మామయ్యగారు. పేపర్ దించకుండానే.

ఈ నెల వంద ప్లాను వేయించి, బిల్లు ఆన్‌లైన్‌లోనే కట్టాం. ఐడీ కొట్టాక పేరు వచ్చిందా లేదా అని మామయ్యగారి చేతే చదివించాం. ఆటోపే పెట్టలేదు, పాయకాపురం పిన్నిగారి మాట మీద. అబ్బాయి నంబరు రౌటర్ కింద కాగితం మీద రాసి పెట్టాం. ఇడ్లీ డబ్బులు విడిగా ఇస్తున్నాం.

బ్రాడీపేట నాలుగో లైను:

పెద్దాయన్ని నా తరఫున అడిగానని చెప్పమ్మా. నేను కూడా ఇప్పుడే మా ప్లాను చూసుకున్నా. మాది వందే ఉంది. కొంచెం నిరాశగా ఉంది.