వలస సంస్కరణ బిల్లులు ఎందుకు ఆగిపోతున్నాయి? సమస్య తీరకపోవడమే పార్టీలకు లాభమా?

నాగావళి:

అమెరికాలో పత్రాలు లేని వలసదారులకు పెద్దయెత్తున చట్టబద్ధత కల్పించిన చివరి చట్టం 1986లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో వచ్చింది. చట్టబద్ధ వలసల కోటాలను మౌలికంగా మార్చిన చివరి చట్టం 1990 నాటిది. ఆ తరవాత 2006, 2007, 2013, 2018, 2024 సంవత్సరాల్లో జరిగిన పెద్ద ప్రయత్నాలన్నీ సెనేట్, ప్రతినిధుల సభ అనే రెండింటిలో ఏదో ఒక సభలో ఆగిపోయాయి. ఇది యాదృచ్ఛికం కాదనీ, సమస్య పరిష్కారమైపోతే వచ్చే ఎన్నికల్లో ఎదుటివారిని నిందించడానికి ఏమీ మిగలదన్న లెక్క రెండు పార్టీల్లోనూ ఉందనీ నా అభిప్రాయం.

2024 ఫిబ్రవరిలో జరిగింది చూడండి. ఓక్లహోమా రిపబ్లికన్ సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమోక్రాట్ క్రిస్ మర్ఫీ, స్వతంత్ర సభ్యురాలు కిర్‌స్టెన్ సినెమా నెలల తరబడి కూర్చుని సరిహద్దు బిల్లు తయారుచేశారు. ఆశ్రయం కోరేవారి దరఖాస్తుల పరిశీలనను కఠినం చేయడం, సరిహద్దు దాటేవారి సంఖ్య ఒక హద్దు మించితే ప్రవేశాన్ని చాలావరకు నిలిపివేయడం వంటి రిపబ్లికన్ల పాత కోరికలు అందులో ఉన్నాయి. పత్రాలు లేనివారికి పౌరసత్వం ఇచ్చే మార్గం అందులో లేనే లేదు. అయినా డొనాల్డ్ ట్రంప్ దాన్ని వ్యతిరేకించారు. బిల్లు ఆగిపోతే నింద తనమీదే వేయమని బహిరంగ సభలోనే చెప్పారు. ఫిబ్రవరి 7న, సెనేట్‌లో బిల్లును చర్చకు తేవడానికే 60 ఓట్లు కావలసిన చోట 49-50తో అది చర్చకైనా రాకుండా ఆగిపోయింది. మనవాళ్లలో చాలామంది గమనించలేదు గాని, అదే బిల్లులో ఐదేళ్లపాటు ఏటా 50,000 అదనపు వలస వీసాలు, హెచ్‌-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పని అనుమతి, 21 ఏళ్లు నిండగానే హోదా కోల్పోయే వారి పిల్లలకు రక్షణ కూడా ఉన్నాయి.

మంజీర:

నాగావళి గారూ, మీరు ఇచ్చిన ఉదాహరణ ఒక పార్టీ చేసిన పనిని చూపిస్తోంది, మీ నిర్ణయం మాత్రం రెండు పార్టీల మీదా పడుతోంది. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో సమగ్ర బిల్లును ఆమోదించింది. డెమోక్రాట్లందరూ, 14 మంది రిపబ్లికన్లూ అనుకూలంగా ఓటు వేశారు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏటా ఒక్కో దేశంవారికి ఇంతకు మించి ఇవ్వకూడదన్న దేశాల వారీ పరిమితిని ఆ బిల్లు తొలగించేది, దరఖాస్తుదారుల జీవిత భాగస్వాములనూ పిల్లలనూ కోటా లెక్కలోంచి తప్పించేది. అది చట్టమై ఉంటే హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వెళ్లినవారు ఈనాడు పడుతున్న నిరీక్షణలో చాలా భాగం ఉండేది కాదు. ప్రతినిధుల సభలో స్పీకర్ జాన్ బేనర్ దానిని ఓటింగుకే పెట్టలేదు. తన పార్టీ సభ్యుల్లో సగానికి పైగా మద్దతు లేని బిల్లును సభ ముందుకు తేకూడదన్న రిపబ్లికన్ల ఆనవాయితీ అందుకు సాకయింది. ఓడిపోయే బిల్లును ఎవరూ అలా దాచరు. గెలుస్తుందనే భయంతోనే ఆపారని నేను నమ్ముతున్నాను.

కిన్నెరసాని:

మంజీర గారి మాటలో సగమే నిజం. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న మనిషిగా ఈ బిల్లుల వెంట ఏళ్లుగా నడుస్తున్నాను కాబట్టి మిగతా సగం చెబుతాను. 2012 నవంబరులో ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లు, అమెరికా విశ్వవిద్యాలయాల్లో సైన్సు, ఇంజినీరింగు పట్టాలు పొందినవారికి 55,000 వీసాలు ఇచ్చే బిల్లును ఆమోదించారు. అందుకు బదులుగా అమెరికాకు తక్కువ మంది వలస వచ్చే దేశాలవారికి లాటరీ తీసి వీసాలిచ్చే డైవర్సిటీ లాటరీని రద్దు చేయాలన్నారు. అప్పుడు సెనేట్ డెమోక్రాట్ల చేతిలో ఉంది. సమగ్ర సంస్కరణ కావాలే తప్ప ముక్కలు వద్దంటూ వారు దానిని ముట్టుకోలేదు. నైపుణ్యం గలవారికి ముందే మేలు జరిగిపోతే, పత్రాలు లేనివారి కోసం రిపబ్లికన్ల ఓట్లు తెచ్చే ఆకర్షణ పోతుందన్నది వారి లెక్క. ఆ లెక్కలో తర్కం ఉందని ఒప్పుకుంటాను, కాని దాని ధర చెల్లిస్తున్నది మేము.

దేశాల వారీ పరిమితి ఒక్కదాన్నే సవరించే చిన్న బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ దానికి సంబంధించిన మరో రూపాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు రూపాలనూ కలపకుండానే ఆ కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) రెండేళ్ల గడువు ముగిసింది. 2022 డిసెంబరులో అలాంటిదే మళ్లీ ప్రతినిధుల సభ అజెండాకు ఎక్కి, ఓటింగుకు ముందే వెనక్కి పోయింది. ఇంత మద్దతున్న బిల్లు ఇన్నిసార్లు ఆగడానికి, ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అన్న మొత్తం పెంచకుండా పంపకం మాత్రమే మార్చడం ఒక కారణం. మా నిరీక్షణ తగ్గితే ఇతర దేశాలవారి నిరీక్షణ పెరుగుతుంది. వారి అభ్యంతరం న్యాయమైనదే. అయితే అంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. ఈ బిల్లు వల్ల బాగుపడేవారికి ఓటు లేదు. పన్ను కడతాం, ఇల్లు కొంటాం, పిల్లలు ఇక్కడే బడికి వెళతారు. కాని మమ్మల్ని నిరాశపరిచినందుకు ఓడిపోయే సభ్యుడు ఒక్కడూ లేడు.

పెన్న:

పార్టీకి లాభమా నష్టమా అని అడిగినంతకాలం మనకు సరైన జవాబు దొరకదని నా మనవి. 2012 అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయాక రిపబ్లికన్ జాతీయ కమిటీయే ఒక సమీక్ష జరిపి, సమగ్ర వలస సంస్కరణను సమర్థించాలని 2013 మార్చిలో రాతపూర్వకంగా చెప్పింది. పార్టీ మొత్తానికి ఏది మేలో వారికి తెలుసు. కాని ఓటు వేసేది పార్టీ కాదు, తన నియోజకవర్గంలో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఎదుర్కొనే సభ్యుడు. 2014 జూన్‌లో సభలో రిపబ్లికన్ల మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ వర్జీనియా ప్రైమరీలో, పెద్దగా ఎవరికీ తెలియని ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడి చేతిలో ఓడిపోయారు. వలసదారులకు క్షమాభిక్ష పెట్టబోతున్నారన్నది ఆయనమీద ప్రత్యర్థి మోపిన ప్రధాన ఆరోపణ. ఆ ఓటమికి వేరే కారణాలూ ఉండవచ్చు. సభ్యులు మాత్రం ఈ ఒక్కదాన్నే పాఠంగా తీసుకున్నారు, 2013 బిల్లు అంతటితో ముగిసిపోయింది.

డెమోక్రాట్లకూ ఇదే వర్తిస్తుంది. 2010 డిసెంబరులో, చిన్నప్పుడే వచ్చిన యువతకు చట్టబద్ధత ఇచ్చే డ్రీమ్ బిల్లుకు సెనేట్‌లో 55 ఓట్లు వచ్చాయి, ఇంకో ఐదు కావాలి. వ్యతిరేకించినవారిలో ఐదుగురు డెమోక్రాట్లు ఉన్నారు. వారిలో ఎక్కువమంది మోంటానా, నెబ్రాస్కా, ఆర్కన్సా వంటి రిపబ్లికన్ బలమున్న రాష్ట్రాలవారు.

ఇంకొక మాట కూడా అనాలి. వ్యతిరేకత అంతా ఎత్తుగడే అనడం ఆ ఓటర్లకు అన్యాయం. 1986 చట్టంతో సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. పత్రాలు లేనివారిని పనిలో పెట్టుకునే యజమానులను శిక్షిస్తామన్న హామీ మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. ముందు అమలు, తరవాతే చట్టబద్ధత అని పట్టుబట్టేవారి అపనమ్మకానికి ఆ అనుభవమే పునాది.

నాగావళి:

పెన్న గారు వేరుచేసి చూపిన తేడా ముఖ్యమైనది. దానికి సభానియమాల సంగతి కలపాలి. 2021లో డెమోక్రాట్లు చట్టబద్ధత అంశాన్ని, సాధారణ మెజారిటీతో నెగ్గే బడ్జెట్ ప్రక్రియలో చేర్చబోతే, అది ప్రధానంగా బడ్జెట్ విషయం కాదని సెనేట్ పార్లమెంటేరియన్ (సభానియమాలపై సలహా ఇచ్చే అధికారి) పదేపదే తిరస్కరించారు. 2025 జూలైలో అదే ప్రక్రియ ద్వారా వలస నియంత్రణకూ సరిహద్దుకూ సుమారు 17,000 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. నిర్బంధ కేంద్రాలకు డబ్బు ఇవ్వడానికి 51 ఓట్లు చాలు, మనిషి హోదా మార్చడానికి 60 కావాలి. కాబట్టి నియంత్రణ కోరే పక్షానికి ఇప్పుడు బేరమాడవలసిన అవసరమే తగ్గిపోయింది. ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఇకమీదట ఇంకా కష్టమవుతుందని నా భయం.

మంజీర:

అయితే పౌరసత్వం వచ్చిన తెలుగువారు చేయగలిగినది ఒకటుంది. 2020లో బైడెన్ జార్జియాను 12,000 కంటే తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు. అట్లాంటా ఉత్తర శివార్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడ అందరికీ తెలుసు. ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని సంస్కరణకు అనుకూలమా అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. స్పీకర్ ఇష్టంతో పనిలేకుండా బిల్లును సభ ముందుకు తెచ్చే డిశ్చార్జ్ పిటిషన్ మీద సంతకం చేస్తారా అని అడగాలి. అందుకు 218 సంతకాలు చాలు. 2018లో డ్రీమర్ల (చిన్నప్పుడే వచ్చిన, పత్రాలు లేని యువత) కోసం మొదలైన పిటిషన్ 216 దగ్గర ఆగింది.